మేఘనగరంలో తగ్గిన వాన

1967 వేసవి మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: రైలు గేటు పక్కన పలకలూ నోటుపుస్తకాలూ అమ్మే ఒక కొట్టు, దాని ముందు నలుగురు కూర్చునే బల్ల, అద్దెకిచ్చే డిటెక్టివ్ నవలలు నూట అరవై మూడు, ఒక భార్య, ఒక బావమరిది. నవలలన్నీ ఊరు రెండేసిసార్లు చదివేసింది. హంతకుడెవడో మొదటి పేజీలోనే ఎవరో ఒకరు పెన్సిలుతో రాసి పెట్టేవారు. ఇక భార్యా బావమరిదీ అంటారా, వాళ్ల మధ్య దాపరికమంటూ లేదు. నా సరుకులో పాతబడనిది అదొక్కటే అనుకునేవాణ్ణి.

గజపతినగరం దాటాక పాసింజరు ఒక్క నిమిషం ఆగే ఊరు మాది. కొత్త నవలలు విజయనగరం నుంచి రావాలి. ఆ ఏడు కాగితం కరువొచ్చి రావడం మానేశాయి. బల్ల మీద జనం పల్చబడ్డారు. కొట్టు ముందు బల్ల ఖాళీగా ఉంటే లోపలి కొత్త సరుకు కూడా పాతదానిలాగే కనబడుతుంది. అందుకని అప్పలసూరిని పట్టుకున్నాను.

అప్పలసూరి సంతలో అర్జీలు రాసి బతికేవాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లు సంత సంతకూ తిరిగి తూనికరాళ్లు సరిచూసి ముద్రలు వేసే ఉద్యోగం చేశాడు. ఎందుకు వదిలేశావని అడిగితే, "కాళ్లు నొప్పెట్టినాయి" అనేవాడు. అంతకంటే చెప్పేవాడు కాదు.

"సూరి మావా, సంతలో అన్ని కతలు సెప్తావు. ఒక డిటెక్టివ్ కత రాసీరాదా?" అన్నాను.

"రాస్తే అచ్చెవుడేస్తాడు?"

"అచ్చేటీ వొద్దు. నోటుపుస్తకంలో రాసీ. ఆ పుస్తకాన్నే అద్దెకిస్తాను."

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. "పూటకో టీ ఇప్పించాల. బల్ల కింద కాళ్లు పెట్టుకోడానికి ఒక నీళ్లబాల్చీ ఉంచాల" అన్నాడు. అవే మా ఒప్పందం షరతులు.

కథ పేరు మేఘనగరం. జరిగేది 2067లో. ఆ నగరం పైన మబ్బులన్నీ ఒక కంపెనీవి. వాన ఆకాశం నుంచి రాదు, గొట్టాల్లోంచి వస్తుంది. ఇంటింటికీ ఒక వానకార్డు ఉంటుంది. చెయ్యి తడిపిన వీధిలో జోరువాన, తడపని వీధిలో తుంపర. డిటెక్టివ్ త్రినాథ్‌కు యాభై ఐదేళ్లు. తుపాకీ ఉంది గానీ గుండ్లకు పర్మిట్ రాలేదు. ఎగిరే బస్సెక్కగానే కునుకుపట్టి, దిగాల్సిన చోటు దాటిపోతాడు. తొమ్మిదేళ్లుగా ఒక్కటే కేసు: మబ్బుల దగ్గర కొలిచిన వానకూ ఊళ్లో కురిసిన వానకూ తేడా వస్తోంది, ఆ తేడా వాన ఎక్కడికి పోతోంది? అడగబోతే కమిషనరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, రేపు రమ్మంటాడు.

మొదటి నోటుపుస్తకం మూడు రోజుల్లో పదిమంది చదివారు. ఉన్నది ఒక్కటే ప్రతి. ఎవరి తరువాత ఎవరో తేల్చలేక గోడకు ఒక పలక వేలాడదీసి పేర్లు వరసగా రాయడం మొదలుపెట్టాను. రెండో పుస్తకం వచ్చేసరికి పలక రెండువైపులా నిండింది. పాసింజరులో గార్డుగా వచ్చే నూకయ్య ఒక్క నిమిషం ఆగే రైలు దిగి పరిగెత్తుకొచ్చి తన పేరు ఎంత పైకి వెళ్లిందో చూసుకుని మళ్లీ ఎక్కేవాడు.

ఎదురుగా టీ కొట్టు జగ్గమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా పలక మీద పేరు రాయించింది.

"సదువు రాందానివి, నీకెందుకే వరస?" అని నూకయ్య ఎగతాళి చేశాడు.

"నీకు సదువొచ్చి ఏటి ఒరిగింది? పచ్చజెండా ఊపడానికేనా? నాను టీ పోస్తాను, రాసినోడే సదివి ఇనిపిస్తాడు. నీకుందేటి ఆ బోగం?" అంది జగ్గమ్మ. నూకయ్య రైలు కదిలిందని తప్పించుకున్నాడు.

అద్దె పుస్తకాలు చదివేవాళ్లకు మా వైపు ఒక అలవాటుంది. అంచుల్లో పెన్సిలుతో రాస్తారు. పేరు పెట్టరు, కాబట్టి మొహమాటం ఉండదు. మేఘనగరం అంచులు చూస్తుండగానే నిండిపోయాయి. 'త్రినాథ్ గారూ, మా ఇంట్లో ఉడుకునీళ్లున్నాయి, కాళ్లు పెట్టుకుందురు గాని రండి.' 'కమిషనరును నమ్మకండి, కాఫీలో పంచదార మరీ ఎక్కువ వేస్తున్నాడు.' 'మీ వాన సంగతి సరే, మా రేషను బియ్యం ఎందుకు ముక్కిపోతున్నాయో కాస్త కనుక్కోండి.' ఈ మూడోది నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాల చేతిరాతల్లో కనబడింది.

పుస్తకం తిరిగి రాగానే అంచులన్నీ చెరిపేసేవాణ్ణి. నేనిచ్చిన సరుకు రెండో మనిషికి శుభ్రంగా అందాలి. అద్దె కొట్టుకు ఉన్న పరువు అదే. రబ్బరు కొస నాలిక మీద తడిపి రుద్దితే గీత బాగా పోతుందని చిన్నప్పటి నుంచీ అలవాటు.

నా బావమరిది ఎల్లాజీ మైలు దూరంలో ఒక కాంట్రాక్టరు నడిపే బియ్యం గోడౌనులో తూకం గుమస్తా. చుట్టుపక్కల రేషను డిపోలన్నిటికీ బస్తాలు అక్కడి నుంచే వెళ్లేవి. చెవిలో ఎప్పుడూ ఒక కాపీయింగ్ పెన్సిలు ఉండేది. పొడిగా రాస్తే మామూలు పెన్సిలులాగే ఉండి, తడి తగిలితే ఊదాసిరాగా మారి మరి పోని రకం. బస్తా మూతికి కుట్టిన గుడ్డచీటీ మీద తూకం వెయ్యడానికి అదే వాడేవారు. తల్లి పోయినప్పుడు వాడికి రెండేళ్లు. చంకన వేసుకుని పెంచింది వాడి అక్క, నా భార్య తాయారే. అందుకే మా పెళ్లిలో నాకు భార్యతో పాటు వాడూ వచ్చాడని చుట్టాలు నవ్వేవారు.

నెలకోసారి ఆదివారం నాడు సైకిలు మీద బియ్యం సంచీతో వచ్చేవాడు.

"గోడౌనులో ఊడ్చిన బియ్యం బావా. పారబొయ్యడానికి మనసొప్పలేదు" అనేవాడు.

ఊడ్చిన బియ్యంలో ఒక్క మట్టిబెడ్డ ఉండేది కాదు. పళ్ల కింద పెడితే పటుక్కుమనేవి, అంత పొడిగా ఉండేవి. నేను వ్యాపారిని. సంచీ మూతి విప్పగానే తెలిసింది. తెలిసే డబ్బాలో పోయించాను.

ఆ ఏప్రిల్ ఆదివారం అప్పలసూరి మా ఇంటి అరుగు మీద కాళ్లు బాల్చీలో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. ఏడో పుస్తకం దగ్గర కథ ఆగిపోయింది.

"ఏటి మావా, మీ త్రినాథ్ దొంగని ఎప్పటికి పట్టుకుంతాడు?" అన్నాడు ఎల్లాజీ, సైకిలు గోడకు ఆనిస్తూ.

"దొంగలు ఎవులో ఆడికి మొదటి పుస్తకంలోనే తెలుసురా. వాన ఎక్కడ దాస్తన్నారో తెలీలేదు. ఆడికే కాదు, నాకూ తెలీలేదు. గొట్టాల కాడ కొలిసినప్పుడల్లా లెక్క సరిగ్గానే ఉంతాది. మరి తక్కువెక్కడొస్తన్నట్టు?"

ఎల్లాజీ గట్టిగా నవ్వాడు. "ఒగ్గీ మావా. మూడు హత్తెలు ఎట్టీ, జనం ఆ ఊసే మరిసిపోతారు."

గుమ్మం లోపల తాయారు బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

ఏడో పుస్తకం దొంగ దొరక్కుండానే ముగిసింది. త్రినాథ్ గొట్టాల కింద చతికిలబడి, చెప్పులు విప్పి, 'వాన ఎక్కడ దాస్తున్నారు?' అని పైకే అనుకుంటాడు. అంతే. కొట్టులో పెట్టకముందు ప్రతి పుస్తకమూ ఒక రాత్రి మా ఇంట్లో ఉండేది. తాయారు చదివాకే ఊరికి. మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచి పేజీలు తిప్పుతుంటే, ఆఖరి పేజీ అంచున సన్నటి పెన్సిలు రాత కనబడింది. ఇంకా ఎవరికీ ఇవ్వని పుస్తకంలో రాత ఎక్కడిదని ఆలోచించనైనా లేదు. చెయ్యి అలవాటు కొద్దీ రబ్బరు నాలిక మీద తడిపింది. రుద్దాను.

గీత పోలేదు. ఊదారంగులోకి తిరిగి, స్పష్టంగా కాగితం మీద విచ్చుకుంది.

'బియ్యం బస్తాల్లో. గొట్టం గుచ్చి బియ్యం తీస్తారు. తీసినంత బరువుకి నీళ్లు చల్లుతారు. తూకం సరిపోతాది.'

మా ఇంట్లో ఊరగాయ జాడీల మీద చీటీలు రాసే చెయ్యి అది.

కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లాను. తాయారు పొయ్యి ఊదుతోంది. పుస్తకం చూపించాను.

"ఎందుకు రాసినావు?"

"పెన్సిలు మంచం కింద పడుంది. ఆడు మొన్న మరిసిపోయినాడు."

"పెన్సిలు సంగతి కాదు నానడిగింది."

ఆమె ఊదుగొట్టం కింద పెట్టింది. "ఉగాది నాడు పచ్చడి అట్టుకెల్లినాను కదా గోడౌనుకి. ఆడు సిల్లుల డబ్బాతో బస్తాలకి నీళ్లు సల్లుతన్నాడు. ఏట్రా అంటే, 'ఎండలు కదా అప్పా, బస్తాలకి సల్లగుండాల' అన్నాడు. నవ్వినాడండీ. సిన్నప్పుడు బెల్లం దొంగిలించి నవ్వినట్టే నవ్వినాడు."

"నాతో సెప్పొచ్చు కదా."

"మీకు తెలీదేటి?"

నేను పుస్తకం మూశాను.

"మడిసికి సెప్పలేక పుస్తకానికి సెప్పుకున్నాను. మీరు ఎలాగూ సెరిపేస్తారు కదా అని రాసీసినాను" అంది. ఊదుగొట్టం మళ్లీ అందుకుంటూ, "సెరిగిందా?" అని అడిగింది.

పేజీ చింపొచ్చు. కానీ ఆ పేజీ వెనకవైపు త్రినాథ్ చెప్పులు విప్పే ఘట్టం ఉంది. చింపితే అప్పలసూరి కనిపెడతాడు. అందుకని పుస్తకాన్ని పలకల దొంతర కింద పెట్టి, ఏడోది ఇంకా రాలేదని చెప్పడం మొదలుపెట్టాను.

ఆ రోజు నుంచి తాయారు తమ్ముడు తెచ్చిన బియ్యం ముట్టలేదు. కార్డు పట్టుకుని డిపో వరసలో నిలబడి బియ్యం తెచ్చింది. వండుతుంటే ఇల్లంతా తడిగోనె వాసన. నాకు ఆ అన్నమే వడ్డించింది. నోట్లో పెట్టుకుంటే ముద్ద జిగటగా అంగిలికి అంటుకునేది. తిన్నాను. ఊరంతా అదే తింటోందని, నేనొక్కణ్ణే తినడం లేదని నాకు అన్నాళ్లూ తట్టలేదు.

మూడో రోజు గోడౌనుకు వెళ్లాను. ఎల్లాజీని వేపచెట్టు కిందికి పిలిచాను.

"మానీరా. ఇప్పుడే మానీ. ఎవులికీ తెలీదు."

వాడు నవ్వలేదు ఈసారి. "నానొక్కడినే అనుకున్నావేటి బావా? గొట్టం ఎవులిచ్చినారు? డబ్బా ఎవులిచ్చినారు? రోజుకి ఇన్ని బస్తాలని సెప్పిందెవులు? సల్లనంటే రేపటి నుండి మరొకడు సల్లుతాడు. మీ మేఘనగరంలో మల్లేనే."

"నీ సంగతి సూసుకో."

"నీ డబ్బాలో ఏటుందో నువ్వు సూసుకున్నావేటి? నువ్వెప్పుడైనా అడిగినావా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు.

తిరిగి వస్తుంటే ఎండకు తారు చెప్పులకు అంటుకుంది. కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. "వచ్చినాదా ఏడోది?" లేదన్నాను. నాలుగో రోజూ లేదన్నాను. అయిదో రోజు నూకయ్య రైలు దిగి, పలక మీద తన పేరు చూసి, "ఇది కదలట్లేదేటి జగన్నాదం, లైను కిలీరు కాలేదా?" అని అరిచాడు. అప్పలసూరి బల్ల మీద కూర్చుని నా మొహం చూసేవాడు. పుస్తకం ఎప్పుడో ఇచ్చేశానని ఆయన ఎవరితోనూ అనలేదు. టీ కూడా తాగేవాడు కాదు. పనిలేక నేను పలకలు తుడిచిందే తుడిచేవాణ్ణి. ఎవరైనా సైకిలు ఆపితే ఉలిక్కిపడేవాణ్ణి. ఇంట్లో డబ్బా మూత తీసిన చప్పుడైతే లేచి కూర్చునేవాణ్ణి.

పదకొండో రోజు మధ్యాహ్నం తాయారు నాకు వడ్డించి, తను విస్తరి వేసుకోలేదు.

"నువ్వు తినవా?"

"కూరలో ఉప్పు సూడండి" అంది.

ఉప్పు సరిపోయింది. చెయ్యి కడుక్కుని కొట్టుకు వెళ్లి, పలక మీద మొదటి పేరు ఎవరిదో చూశాను. జగ్గమ్మది. పలకల కింద నుంచి పుస్తకం తీసి, రోడ్డు దాటి, పొయ్యి పక్కన పెట్టాను.

"ఇప్పుడొచ్చిందేటి?" అంది జగ్గమ్మ.

"ఇప్పుడే" అన్నాను.

అప్పలసూరి బాల్చీతో సహా వచ్చి కూర్చుని చదివి వినిపించాడు. త్రినాథ్ చెప్పులు విప్పాడు. వాన ఎక్కడ దాస్తున్నారు అన్నాడు. అక్కడ అప్పలసూరి ఆగిపోయాడు. అంచు మీద వేలు పెట్టుకుని ఊదారాత రెండోసారి తనలో తాను చదివాడు. ఆ తరువాత పైకి చదివాడు. టీ తాగుతున్న ఎనిమిదిమందీ గ్లాసులు దించలేదు.

"ఎవులు రాసినారు మావా?" అంది జగ్గమ్మ.

"పేరు లేదు." ఆయన నావైపు చూడలేదు. బాల్చీలోంచి కాళ్లు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నా సెప్పులిలా తే" అన్నాడు.

బియ్యాన్ని పరీక్షించే పద్ధతి ఆయన చెప్పిందే. పోలీసులూ వద్దు, గొడవా వద్దు. పదిహేను కార్డులు కలిపితే ఒక బస్తా. విడివిడిగా తూచి ఇవ్వొద్దు, కుట్టు విప్పని బస్తా ఇమ్మనండి. ఊళ్లో పద్నాలుగు కార్డులు పోగయ్యాయి. పదిహేనోది తాయారు తెచ్చి జగ్గమ్మ చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే బస్తా రైలు గేటు దగ్గరకు వచ్చింది. కాటా తెచ్చారు. అప్పలసూరి ఒక్కో తూనికరాయి మీద ముద్రను బొటనవేలితో తడిమి చూసి పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్లు చేసిన పని ఆయన వేళ్లకు ఇంకా గుర్తుంది. డిపో మనిషి ఎదురుగానే తూచాం. డెబ్బయ్యైదు కిలోలు, చీటీ మీద ఉన్నంతా. డిపో మనిషి మొహం తేటపడింది. "సూసినారా?" అన్నాడు.

"అప్పుడే ఎల్లిపోకండి" అన్నాడు అప్పలసూరి.

గోనెపట్టాలు పరిచి బియ్యం పల్చగా ఆరబోశాం. ఏప్రిల్ చివరి ఎండ. బల్ల తెచ్చి నీడలో వేసుకుని ఊరు కూర్చుంది. ఏ డిటెక్టివూ అంత నెమ్మదిగా దొంగను పట్టుకుని ఉండడు. గంటకోసారి ఒకరు లేచి బియ్యం తిరగవేసేవారు. పాసింజరు వచ్చింది, నూకయ్య దిగి ఒక పిడికెడు వాసన చూసి వెళ్లాడు. తాయారు ఒక పక్కన కూర్చుని కర్రతో పిచికల్ని అదిలిస్తోంది. ఎందుకొచ్చావని ఆమెను ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఎల్లాజీ వచ్చాడు. కబురు ఎలాగూ అందుతుంది. సైకిలు పట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు. జనం అటు చూసి, ఇటు చూసి, మాటలు ఆపేశారు.

"ఎండలో నిలబడకురా. ఇలా రా" అంది తాయారు. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "తిన్నావా?"

"నేదప్పా."

ఆమె కర్ర వాడికిచ్చి, ఇంటికి వెళ్లి గంజన్నం తెచ్చింది. వాడు ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పిచికల్ని తోలాడు.

నాలుగు గంటలకు బియ్యం మళ్లీ గోనెలోకి ఎత్తాం. ఒక్క గింజ పోకుండా పట్టాలు దులిపాం. కాటా ముల్లు కుదురుకునే దాకా ఆగాం.

డెబ్బై ఒకటి.

"చీటీ మీద అంకె పడాల. పడందే తూకం తూకం కాదు. ఎవులి దగ్గరుంది పెన్సిలు?" అన్నాడు అప్పలసూరి.

పది అడుగుల దూరంలో నా కొట్టులో యాభై పెన్సిళ్లున్నాయి. నేను కదల్లేదు.

ఎల్లాజీ లేచాడు. చెయ్యి తుడుచుకుని, చెవిలోంచి కొత్త పెన్సిలు తీశాడు. "నాను రాస్తాను మావా. తూకం గుమస్తాని నానే కదా" అన్నాడు. దాని మొన నాలిక మీద తడిపి, పాత అంకె కొట్టేసి, కింద 71 అని రాశాడు. రోజూ రాసినట్టే గుండ్రంగా రాశాడు. నాలిక ఊదాగా అయింది. పెన్సిలు అక్క ఒళ్లో పడేసి సైకిలెక్కాడు.

విజయనగరం నుంచి మనుషులొచ్చి గోడౌనుకు సీలు వేశారు. కాంట్రాక్టరు మీద ఒక్క చినుకు పడలేదు. నోటీసులో ఒక్క పేరే ఉంది, తూకం గుమస్తాది. జూన్‌లో ఎల్లాజీ పని వెతుక్కుంటూ భిలాయి వెళ్లిపోయాడు. రైలు మా ఊళ్లో ఆగే ఒక్క నిమిషంలో తాయారు వాడికి ఊరగాయ జాడీ అందించింది. నూకయ్య ఆ రోజు పచ్చజెండా రెండు నిమిషాలకు ఊపాడు.

ఎనిమిదో పుస్తకంలో త్రినాథ్ వాన ఎక్కడుందో కనిపెట్టాడు. కమిషనరుకు ప్రమోషనొచ్చింది. త్రినాథ్ కాళ్లు కడుక్కోడానికి నీళ్లడిగాడు. ఆఖరి పేజీ అంచున ఎవరో, 'ఇంక ఇంటికెళ్లి పడుకోండి బాబూ' అని రాశారు. దాన్ని మాత్రం చెరపలేదు.

ఇక ఆ వేసవి మొత్తం మీద మాకు చేరింది చెబుతాను. ఊరికి వానలు పడేదాకా ముక్కని బియ్యం వచ్చాయి. తరువాత సంగతి నాకు తెలియదు. నాకు ఎనిమిది నోటుపుస్తకాలు మిగిలాయి. నా బల్ల మళ్లీ ఖాళీ కాలేదు. ఆ బస్తా గోనెను ఎవరూ తీసుకోకపోతే తాయారు ఇంటికి తెచ్చి, మడిచి, బియ్యం డబ్బా కింద వేసింది. చీటీ అలాగే ఉంచింది. వానాకాలం నేల చెమ్మెక్కినప్పుడు ఊదామరక కాస్త పాకుతుంది, అంకె పెద్దదవుతుంది. అలాంటి రోజుల్లో ఆమె ఇద్దరికీ సరిపడా బియ్యం కొలిచి, ఆగి, మరో గుప్పెడు కలుపుతుంది. ఎవరి కోసమని నేను అడగను. ఆ గుప్పెడు రాత్రికి మిగిలిపోతుంది. పొద్దున్న నీళ్లు పోసుకుని ఇద్దరం తింటాం.